క్లియరెన్స్ ఫారంలో 21వ సెక్షన్: కౌన్సెలింగ్‌కి వెళ్లిన సంగతి రాయాలా?

వర్జీనియా, మేరీలాండ్‌లలో ఫెడరల్ కాంట్రాక్టుల మీద పనిచేసే మనవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. "సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలంటే సైకియాట్రిస్ట్ గడప తొక్కకు. ఒకవేళ తొక్కినా ఎక్కడా నోరు విప్పకు." చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. కానీ మొదటి మాట వింటే ఆరోగ్యం పాడవుతుంది. రెండో మాట వింటే కొన్ని సందర్భాల్లో అది ఫెడరల్ నేరం అవుతుంది.

డిప్రెషన్‌కి మందులు వాడారా, ఆందోళనకి కౌన్సెలింగ్ తీసుకున్నారా అని క్లియరెన్స్ కోసం నింపే ఫారం నేరుగా అడగనే అడగదు. అది అడిగేవి ఐదు ప్రశ్నలు. ఆ ఐదూ దేని గురించో సరిగ్గా తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మిగతా సగం నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే.

ముందు ఇది ఎవరి సమస్యో చూద్దాం. అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూసే అర్హతే క్లియరెన్స్. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు స్థాయిలు. మామూలుగా అమెరికా పౌరులకే ఇస్తారు కాబట్టి హెచ్1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. ఎవరికి వారు అప్లై చేసుకోవడం కూడా కుదరదు, ఉద్యోగం ఇచ్చే సంస్థ స్పాన్సర్ చేయాలి. మనవాళ్లలో ఇది ఎక్కువగా ఎదురయ్యేది ఇద్దరికి. ఎన్నో ఏళ్ల కిందట వెళ్లి, సిటిజెన్‌షిప్ తీసుకుని, ఇప్పుడు రక్షణ శాఖ ప్రాజెక్టుల్లోకి మారుతున్న ఐటీ ఉద్యోగులు ఒకరు. అక్కడే పుట్టి, చదువు అవ్వగానే డిఫెన్స్ కంపెనీల్లో చేరుతున్న వాళ్ల పిల్లలు రెండోవారు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. చాలా ఫెడరల్ ఐటీ ఉద్యోగాలకి కావాల్సింది క్లియరెన్స్ కాదు, 'పబ్లిక్ ట్రస్ట్' తనిఖీ. దానికి నింపేది ఎస్ఎఫ్-85పి అనే వేరే ఫారం. ఆ ఫారంలో మానసిక ఆరోగ్యం ప్రశ్నలు ఉండవు. కొన్ని ప్రత్యేక ఉద్యోగాలకి మాత్రం అదనంగా ఇచ్చే అనుబంధ ఫారంలో ఉంటాయి. అందుకని ముందు మీ చేతికి వచ్చింది ఏ ఫారమో చూసుకోండి.

క్లియరెన్స్‌కి వాడేది ఎస్ఎఫ్-86. ప్రింట్ తీస్తే 136 పేజీలు. ఇప్పుడు ఈ-యాప్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నింపుతున్నారు. ఎక్కడెక్కడ ఉన్నారు, ఎక్కడ పనిచేశారు, అప్పులున్నాయా, ఇండియాలో అమ్మానాన్నలు, అత్తమామలు ఎక్కడ ఉంటారు, ఏ దేశాలు తిరిగారు, అన్నీ అడుగుతారు. అందులో 21వ సెక్షన్ మానసిక ఆరోగ్యానికి సంబంధించింది.

పాత ప్రశ్న, పాత భయం

ఆ సలహా పుట్టడానికి కారణం లేకపోలేదు. 2016కి ముందు ఈ సెక్షన్‌లో అడిగిన ప్రశ్న చాలా పెద్ద వల. గత ఏడేళ్లలో మానసిక సమస్య గురించి ఏ వైద్య నిపుణుణ్ణి అయినా సంప్రదించారా, ఆసుపత్రిలో చేరారా అని అడిగేవాళ్లు. భార్యాభర్తల మధ్య సమస్యలకో, ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖంలోనో తీసుకున్న కౌన్సెలింగ్‌కి మినహాయింపు ఉండేది. మిగతావి ఏవైనా 'అవును' అని రాయాల్సిందే. ఒక్కసారి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి వచ్చినా అంతే.

దానివల్ల జరిగింది అందరూ ఊహించిందే. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన సైనికులు రాత్రిళ్లు నిద్రపట్టక నలిగిపోతూ కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే క్లియరెన్స్ పోతుంది, దాంతోపాటు ఉద్యోగం పోతుందని భయం. 2008 మేలో అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌కి వెళ్లి, యుద్ధం వల్ల వచ్చిన సమస్యలకి తీసుకున్న కౌన్సెలింగ్‌ని ఇకమీదట రాయనక్కర్లేదని ప్రకటించారు. 2013లో లైంగిక దాడి బాధితులకి కూడా అలాంటి మినహాయింపే ఇచ్చారు. ఇలా ఒక్కో గుంపుని తప్పిస్తూ పోయి, చివరికి 2016 నవంబర్‌లో ప్రశ్ననే పూర్తిగా తిరగరాశారు. 'ఎవరినైనా సంప్రదించారా' అన్న ప్రశ్న పోయింది.

కాబట్టి 2005లోనో 2010లోనో ఫారం నింపిన పెద్దాయన మీకు భయం చెబితే, ఆయన అబద్ధం ఆడుతున్నట్టు కాదు. ఆయన నింపిన ఫారం వేరు. మీ ముందున్న ఫారం వేరు.

నిజానికి సూత్రం అంతకన్నా పాతది. 1995లో క్లింటన్ సంతకం చేసిన 12968 నంబర్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌లోనే, కేవలం కౌన్సెలింగ్ తీసుకున్నంత మాత్రాన ఎవరినీ తక్కువగా అంచనా వేయకూడదని, పైగా దాన్ని అనుకూలమైన అంశంగా కూడా చూడవచ్చని రాశారు. ఆ మాట కాగితం మీద ఉండగానే, ఫారంలోని ప్రశ్న మాత్రం ఇరవై ఏళ్లకు పైగా దానికి అడ్డంగా నిలబడింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం అదే. ఆ ఇరవై ఏళ్లలో సాయం అందక ఎంతమంది లోలోపల కుమిలిపోయారో ఎవరూ లెక్కపెట్టలేరు.

ఐదు ప్రశ్నలు

ఇప్పుడున్న ప్రశ్నల్లో మొదటిది, మీరు మానసికంగా అసమర్థులని ఏ కోర్టయినా, ప్రభుత్వ సంస్థ అయినా ఎప్పుడైనా తీర్పు ఇచ్చిందా అని. ఇది చాలా తక్కువమందికి వర్తిస్తుంది. రెండోది, మానసిక నిపుణుల దగ్గరికి వెళ్లమని కోర్టుగానీ ప్రభుత్వ సంస్థగానీ ఎప్పుడైనా ఆదేశించిందా అని. ఇక్కడ మనవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. భార్యాభర్తలు తమంతట తాము మ్యారేజ్ కౌన్సెలింగ్‌కి వెళ్తే ఈ ప్రశ్నతో సంబంధం లేదు. కానీ విడాకుల కేసులోనో, పిల్లల కస్టడీ గొడవలోనో, ఇంట్లో గొడవ జరిగి పోలీసులు వచ్చిన కేసులోనో జడ్జి సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లి రమ్మని ఆర్డర్ ఇస్తే, అది 'అవును'. కేసు తర్వాత కొట్టేసినా ఆర్డర్ ఆర్డరే.

మూడోది, మానసిక సమస్యతో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా అని. మీ ఇష్టంతో చేరారా, బలవంతంగా చేర్పించారా అని కూడా అడుగుతారు. నాలుగోది, కొన్ని జబ్బుల పేర్లు చెప్పి, వాటిలో ఏదైనా మీకు ఉందని డాక్టర్ ఎప్పుడైనా నిర్ధారించారా అని. ఆ జాబితాలో సైకోటిక్ డిజార్డర్, స్కిజోఫ్రీనియా, స్కిజోఎఫెక్టివ్ డిజార్డర్, డెల్యూజనల్ డిజార్డర్, బైపోలార్, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నాయి. అంతే. డిప్రెషన్ లేదు. యాంగ్జైటీ లేదు. పానిక్ అటాక్‌లు, ఓసీడీ, పీటీఎస్‌డీ, ఏడీహెచ్‌డీ, ఆటిజం, కాన్పు తర్వాత తల్లికి వచ్చే డిప్రెషన్, ఏవీ లేవు.

ఈ నాలుగింటికీ కాలపరిమితి లేదని గుర్తుంచుకోవాలి. పాత ప్రశ్నకి ఏడేళ్ల గడువు ఉండేది. వీటికి లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో జరిగినది యాభైలో కూడా రాయాలి. జాబితాలోని జబ్బు ఉన్నవాళ్లని, గత ఏడేళ్లలో డాక్టర్‌ని అడగకుండా మందులు మార్చారా, మానేశారా, అసలు మొదలే పెట్టలేదా అని కూడా అడుగుతారు.

ఐదోది అన్నిటికన్నా తికమక పెట్టే ప్రశ్న. మీ విచక్షణని, మీ మీద ఆధారపడగలిగే గుణాన్ని, మీ నమ్మకస్తతని గణనీయంగా దెబ్బతీసే మానసిక లేదా ఇతర ఆరోగ్య సమస్య మీకు ఉందా, ఈరోజు ఆ లక్షణాలు కనిపించకపోయినా సరే, అని దాని సారాంశం. భయంతో చదివితే ప్రతి ఒక్కరికీ తన గురించే అడుగుతున్నట్టు అనిపిస్తుంది. కానీ ప్రశ్న పక్కనే వివరణ కూడా ఉంటుంది. మీకు చికిత్స అవసరమైన సమస్య ఉన్నా సరే, అది మీ విచక్షణనీ నమ్మకస్తతనీ గణనీయంగా దెబ్బతీయకపోతే 'కాదు' అనే రాయాలని అందులో స్పష్టంగా చెబుతారు. గృహహింసకి, లైంగిక దాడికి గురైనవాళ్లని, యుద్ధరంగంలో, అత్యవసర సేవల్లో పనిచేసినవాళ్లని ఉదాహరణగా కూడా చూపిస్తారు.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. అమ్మానాన్నలది తెనాలి. తను పుట్టి పెరిగింది వర్జీనియాలో. యూనివర్సిటీ రెండో ఏడాదిలో పరీక్షల ముందు గుండె దడ, ఊపిరాడకపోవడం మొదలయ్యాయి. క్యాంపస్‌లో ఒక సెమిస్టర్ అంతా కౌన్సెలింగ్‌కి వెళ్లింది. ఫ్యామిలీ డాక్టర్ రాసిచ్చిన మాత్ర రోజుకొకటి ఇప్పటికీ వేసుకుంటోంది. చదువు పూర్తయింది, డిఫెన్స్ కంపెనీలో ఆఫర్ వచ్చింది, ఈ-యాప్ లింక్ వచ్చింది. నాన్న కంగారుపడి "మాత్రల సంగతి దాచెయ్ అమ్మా" అంటారు. ఆ అమ్మాయి దాచాల్సింది ఏమీ లేదు. కోర్టు ఆదేశం లేదు, ఆసుపత్రిలో చేరలేదు, జాబితాలోని జబ్బు లేదు, తరగతులకి వెళ్లింది, మార్కులు తెచ్చుకుంది, ఇంటర్న్‌షిప్ చేసింది. ఐదింటికీ ఆమె నిజాయితీగా రాసే జవాబు 'కాదు'. అది అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నకి సరైన జవాబు.

అదే అమ్మాయి బాగా కుంగిపోయి, తనంతట తనే వెళ్లి మూడు రోజులు సైకియాట్రీ వార్డులో ఉండి వచ్చిందనుకోండి. అప్పుడు మూడో ప్రశ్నకి 'అవును' రాయాలి. తేదీలు, ఆసుపత్రి పేరు, తన ఇష్టంతోనే చేరానన్న సంగతి, తర్వాత ఏం చికిత్స తీసుకుందో రాయాలి. దానితో ఆమె అవకాశం పోయినట్టేమీ కాదు. అక్కడినుంచి ఇంకో దశ మొదలవుతుంది.

'అవును' అని రాస్తే ఏమవుతుంది

21వ సెక్షన్‌లో 'అవును' అని రాసినవాళ్లు ఫారం చివర ఉండే ఒక వైద్య సమాచార అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. దాన్ని పట్టుకుని, మీ వివరాలు తనిఖీ చేసే ప్రభుత్వ పరిశోధకుడు మీ డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. మనవాళ్లు ఊహించుకునేది, ఫైలంతా తీసుకెళ్లి ఆఫీసులో అందరికీ చూపిస్తారని. ఆ పత్రంలో డాక్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఇది: ఈ వ్యక్తి విచక్షణనో, ఆధారపడదగిన గుణాన్నో, రహస్య సమాచారాన్ని కాపాడే సామర్థ్యాన్నో దెబ్బతీయగల సమస్య ఏదైనా ఉందా? ఉంటే అది ఎలాంటిది, ఎంత తీవ్రం, ఎంతకాలం ఉంది? ముందుముందు ఎలా ఉండవచ్చు? డాక్టర్ మొదటి ప్రశ్నకే 'లేదు' అంటే ఆ పత్రం పని చాలావరకు అక్కడితో ముగుస్తుంది.

అందుకే ఫారం నింపేముందే మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. "రేపు నా గురించి మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగితే ఏం చెబుతారు?" అని నేరుగా అడగండి. చాలామంది ఈ పని చేయరు, సిగ్గుపడతారు. కానీ మీ గురించి నిర్ణయించేవాళ్లు ఎక్కువ విలువ ఇచ్చేది ఆ డాక్టర్ మాటకే.

డాక్టర్ మాట సరిపోకపోతే, ప్రభుత్వం తన తరఫున సైకాలజిస్ట్‌తో మీకు పరీక్ష చేయించవచ్చు. ఆ తర్వాత నిర్ణయించేవాళ్ల చేతిలో ఉండేది 2017 జూన్ 8 నుంచి అమల్లోకి వచ్చిన సీడ్-4 అనే ఆదేశం. అందులో పదమూడు మార్గదర్శకాలు ఉన్నాయి. విదేశీ బంధుత్వాలు, అప్పులు, మద్యం, డ్రగ్స్, నేరాలు వంటివి ఒక్కోదానికి ఒక్కోటి. మానసిక స్థితి గురించి చెప్పేది 'ఐ' మార్గదర్శకం. కౌన్సెలింగ్ తీసుకున్నారన్న ఒక్క కారణంతో వ్యతిరేకంగా అనుకోకూడదని అందులోనూ రాశారు. ఆందోళన కలిగించే అంశాలుగా పేర్కొన్నవాటిలో ఆసుపత్రిలో చేరడం, ప్రవర్తన మీద అనుమానం రావడం, చికిత్సని సరిగా పాటించకపోవడం, జూదం వ్యసనం ఉన్నాయి. ఆ ఆందోళనని తగ్గించే అంశాలు కూడా అక్కడే ఉన్నాయి. జబ్బు చికిత్సతో అదుపులో ఉండి, మీరు ఆ చికిత్సని కొనసాగిస్తూ ఉండటం, మీ అంతట మీరే సాయం కోసం వెళ్లడం, నిపుణుడు బాగానే ఉందని ఈమధ్యే చెప్పడం, సమస్య తాత్కాలికమై ఇప్పుడు పోయి ఉండటం.

ఈ రెండు వైపులా పక్కపక్కన పెట్టి చదివితే అసలు విషయం తెలుస్తుంది. వాళ్లు జబ్బుని తూకం వేయడం లేదు. జబ్బుతో మీరు ఎలా నడుచుకున్నారో చూస్తున్నారు. బైపోలార్ ఉండి ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా మందులు వేసుకుంటూ, డాక్టర్‌ని కలుస్తూ, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి పరిస్థితి ఒకటి. అదే జబ్బుతో, "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని మందులు మానేసి మళ్లీ ఆసుపత్రిపాలైన మనిషి పరిస్థితి ఇంకొకటి. కాంట్రాక్టు ఉద్యోగుల అప్పీళ్లు విచారించే, 'డోహా' అని పిలిచే రక్షణ శాఖ కార్యాలయం తన తీర్పులని పేర్లు తీసేసి బయట పెడుతుంది. ఓపిక ఉన్నవాళ్లు నాలుగు తీర్పులు చదివితే, మందులు కొనసాగించడం, తన జబ్బుని తను ఒప్పుకోవడం ఎంత కీలకమో అర్థమవుతుంది.

రక్షణ శాఖ చెప్పిన ఒక లెక్క ఉంది. 2012 నుంచి 2020 వరకు తీసుకున్న దాదాపు 54 లక్షల నిర్ణయాల్లో, సుమారు 97 వేల కేసుల్లో మానసిక ఆరోగ్యం అంశంగా వచ్చింది. కేవలం ఆ ఒక్క కారణంతో క్లియరెన్స్ ఇవ్వనివీ, తీసేసినవీ కలిపి 62. ధైర్యం చెప్పే అంకె ఇది. అయితే దీన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. మానసిక సమస్యతోపాటు తాగుడో, అప్పులో, అబద్ధమో కలిసిన కేసులు ఈ 62లోకి రావు. ఆలస్యం భరించలేక మధ్యలో వదులుకున్నవాళ్లూ రారు. 'అవును' అని రాసినప్పుడు పరిశీలన పూర్తయ్యేలోపు తాత్కాలికంగా ఇచ్చే ఇంటరిమ్ క్లియరెన్స్ ఆగిపోయే అవకాశం ఉంది. కంపెనీ అన్నాళ్లు మీకోసం ఆగకపోవచ్చు. ఈ ఇబ్బంది నిజమైనదే, లేదని చెప్పడం మోసం అవుతుంది.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అనుమానం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గాలని సీడ్-4 చెబుతుంది. క్లియరెన్స్ ఇవ్వబోమని కారణాలతో నోటీసు వస్తే, కాంట్రాక్టు ఉద్యోగులకి జవాబు ఇచ్చేందుకు 20 రోజుల గడువు ఉంటుంది. ఆ నోటీసు వచ్చాక సొంత తెలివితో ఉత్తరం రాయకండి. ఈ కేసులే చూసే లాయర్లు ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి.

దాచడం ఎందుకు ప్రమాదం

ఫారంలో తెలిసి తప్పు జవాబు రాయడం అమెరికా ఫెడరల్ చట్టాల్లోని 18వ టైటిల్ 1001వ సెక్షన్ కింద నేరం. ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. నిజానికి అంతదాకా వెళ్లేవి తక్కువ. మామూలుగా జరిగేది వేరు. 'ఐ' మార్గదర్శకం కింద సులువుగా దాటిపోయే విషయం, దాచినందుకు 'ఇ' మార్గదర్శకం కిందకి వెళ్తుంది. అది వ్యక్తిగత నడవడికకి సంబంధించింది. మూడు రోజులు వార్డులో ఉన్న సంగతికి డాక్టర్ ఉత్తరంతో సమాధానం చెప్పవచ్చు. అబద్ధం ఆడారన్న మచ్చకి ఏ డాక్టరూ ఉత్తరం ఇవ్వలేడు.

ఎలా తెలుస్తుందిలే అనుకోవడానికి లేదు. పరిశోధకులు పాత రూమ్మేట్‌లతో, ఇరుగుపొరుగుతో, మాజీ భర్తతో లేదా భార్యతో మాట్లాడతారు. సీఐఏ, ఎన్ఎస్ఏ వంటి నిఘా సంస్థల్లో పాలిగ్రాఫ్, అంటే లై డిటెక్టర్ పరీక్ష కూడా ఉంటుంది. మన కమ్యూనిటీలో ఎవరింట్లో ఏం జరిగిందో ఎంతమందికి తెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మన ఇళ్లలో దాచడం అలవాటుగా ఉంది. "ఎర్రగడ్డ పంపాలి వీణ్ణి" అని వేళాకోళంగా అనే ఊళ్లో పెరిగాం. పిల్లకి సంబంధం చెడుతుందని మందుల చీటీలు చింపేసే అమ్మలు ఉన్నారు. అక్కడ దాచితే వచ్చే నష్టం ఒక రకం. ఇక్కడ దాచితే వచ్చే నష్టం ఇంకో రకం. అమెరికా పరిశోధకుడు పెళ్లిచూపులకి రావడం లేదు. మీకు జబ్బు ఉందని తెలిసి అతను లేచి వెళ్లిపోడు. మీరు చెప్పినదానికీ, బయట తెలిసినదానికీ తేడా వస్తేనే ఆగుతాడు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా మనవాళ్లు చేస్తారు. భయంతో అన్నీ కక్కేస్తారు. అడగని కౌన్సెలింగ్, అడగని మాత్రలు, చెల్లెలి జబ్బు, మేనమామ ఆత్మహత్య, అన్నీ వ్యాఖ్యల పెట్టెలో రాస్తారు. మీ కుటుంబంలో ఎవరికి ఏ మానసిక జబ్బు ఉందో 21వ సెక్షన్ అడగదు. 'వంశంలో ఉంది' అన్న మాటకి అక్కడ చోటే లేదు. అడిగినదానికి పూర్తిగా, అడిగినంత వరకే జవాబు రాయండి.

ఇండియాలో జరిగినవి

ఇండియా నుంచి వెళ్లి పౌరసత్వం తీసుకున్నవాళ్లకి ఇది ముఖ్యం. ఆసుపత్రి ప్రశ్నకి, జబ్బు నిర్ధారణ ప్రశ్నకి దేశం హద్దు లేదు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో వారం రోజులు సైకియాట్రీ వార్డులో ఉంటే అది కూడా ఆసుపత్రిలో చేరడమే. అమెరికా రికార్డుల్లో లేదు కదా అని వదిలేయకూడదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కాగితాల దగ్గర. డిశ్చార్జ్ సమ్మరీ ఎక్కడో పోయి ఉంటుంది. భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 25వ సెక్షన్ ప్రకారం రోగికి తన వైద్య రికార్డులు చూసే హక్కు ఉంది. దాని కింద ఆసుపత్రికి దరఖాస్తు పెట్టి, అమ్మనో నాన్ననో ఒకసారి వెళ్లి రమ్మనండి. కాగితాలు దొరక్కపోతే గుర్తున్నంత వరకు నెల, సంవత్సరం, ఆసుపత్రి పేరు రాసి, అంచనాగా రాశానని చెప్పవచ్చు.

ఇంకో సంగతి. పదేళ్ల కిందట ఊళ్లో ఒక డాక్టర్ పది నిమిషాలు చూసి చీటీ మీద బైపోలార్ అని రాసి ఉండవచ్చు. తర్వాత అమెరికాలో సైకియాట్రిస్ట్ పూర్తిగా పరీక్షించి అది డిప్రెషన్ మాత్రమేనని తేల్చి ఉండవచ్చు. అయినా ప్రశ్న 'ఎప్పుడైనా నిర్ధారించారా' అని కాబట్టి, మొదటి డాక్టర్ మాట మీకు తెలిసి ఉంటే 'అవును' అని రాసి, తర్వాత నిర్ధారణ ఎలా మారిందో వివరించడమే దారి. తప్పుడు నిర్ధారణని జీవితాంతం మోయించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఈ ప్రశ్నకి ఒక కాలపరిమితి పెట్టాల్సింది. కానీ నియమం మారేదాకా వివరించడమే మన చేతిలో ఉన్న పని.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకునే నిద్రమాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మకి రాసిన ఆల్ప్రజోలం నిద్రపట్టక మీరు వేసుకుంటే, అది 21వ సెక్షన్ విషయం కాదు. మందుల దుర్వినియోగం గురించి అడిగే 23వ సెక్షన్‌లోకి వస్తుంది. పరీక్షల ముందు స్నేహితుడి దగ్గర తీసుకున్న, ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే ఆడరాల్ మాత్ర కూడా అంతే. మీ డాక్టర్ మీకు రాసిచ్చిన మందు నిశ్చింతగా వేసుకోండి. పక్కవాళ్లది వద్దు.

క్లియరెన్స్ వచ్చాక

2013 సెప్టెంబర్ 16న వాషింగ్టన్ నేవీ యార్డులో ఒక కాంట్రాక్టు ఉద్యోగి కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. అతనికి సీక్రెట్ క్లియరెన్స్ ఉంది. అంతకు ముందు నెలే రోడ్ ఐలాండ్ పోలీసులతో, తనకి గొంతులు వినిపిస్తున్నాయని, ఎవరో తనని వెంటాడుతున్నారని చెప్పాడు. ఆ సమాచారం అతని క్లియరెన్స్ చూసేవాళ్లని సకాలంలో కదిలించలేదు. ఫారంలో కౌన్సెలింగ్ గురించి ఎన్ని ప్రశ్నలు అడిగినా అతన్ని పట్టుకునేవి కావు. ప్రవర్తనలో కనిపించిన ప్రమాదాన్ని చూసినవాళ్లు పైకి చెప్పి ఉంటే పట్టుకునేవాళ్లు. ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి చేసే తనిఖీకి బదులు నిరంతర తనిఖీ పద్ధతి రావడానికి ఈ ఘటన కూడా ఒక కారణం.

క్లియరెన్స్ ఉన్నవాళ్లు మీ అంతట మీరుగా థెరపీకి వెళ్లడం మొదలుపెడితే, దానికదే పైవాళ్లకి తెలియజేయాల్సిన విషయం కాదు. ఆసుపత్రిలో చేరినా, మద్యం లేదా డ్రగ్స్‌కి చికిత్స తీసుకున్నా మాత్రం కంపెనీలోని సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడిగి చెప్పాల్సింది చెప్పండి. అర్ధరాత్రి మనసు బాగాలేక అమెరికాలోని హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేశారా అని ఈ ఐదు ప్రశ్నల్లో ఏదీ అడగదు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఎస్ఎఫ్-86 స్థానంలో కొత్త ప్రశ్నావళిని 2023 నవంబర్‌లో ఆమోదించారు. పాత ఫారాలన్నిటినీ కలిపి దానిలోకి మారుస్తారు. ప్రశ్నల మాటలు మారవచ్చు కాబట్టి, ఈ వ్యాసంతో సహా ఎవరు చెప్పింది విన్నా, చివరికి మీ స్క్రీన్ మీద ఉన్న వాక్యాన్నే అక్షరం అక్షరం చదివి జవాబు రాయండి.

పోయినసారి ఫారంలో ఎవరో చెప్పింది విని, 'అవును' అనాల్సిన చోట 'కాదు' అని రాసినవాళ్లు కూడా ఇది చదువుతూ ఉండవచ్చు. మీకు దారి మూసుకుపోలేదు. తప్పు సమాచారాన్ని, వాళ్లు ఆధారాలతో నిలదీసేలోపే, నిజాయితీగా సరిచేసుకుంటే దాన్ని అనుకూలంగా చూడాలని 'ఇ' మార్గదర్శకంలోనే ఉంది. అందుకని ముందు ఒక లాయర్‌ని కలవండి. తర్వాత మీ సెక్యూరిటీ ఆఫీసర్ ద్వారా సవరణ పంపండి. అప్పటికే ఇంటర్వ్యూ తేదీ వచ్చేసి ఉంటే, పరిశోధకుడు ఎదురుగా కూర్చోగానే, అతను మొదటి ప్రశ్న అడగకముందే, "21వ సెక్షన్‌లో ఒకటి సరిచేయాలి" అని చెప్పి, తేదీలు, ఆసుపత్రి పేరు ఉన్న కాగితం చేతిలో పెట్టండి.